హవాసాలో మా చీటీ

డిసెంబరు చివర్లో ఒక రాత్రి గాషే ఫోను చేసి పిల్లకు పెళ్లి కుదిరిందన్నారు. "జనవరిలో టిమ్‌కెట్ పండగ వెళ్లిన ఆదివారం. మీ పాత గదులకు రంగు వేయిస్తున్నాను" అని పెట్టేశారు. వస్తారా అన్న ప్రశ్న లేదు, వీలు చూసుకోమన్న మాట లేదు. నేను ఫోను కింద పెట్టేటప్పటికే మా ఆవిడ అటక మీది పెట్టె వైపు చూస్తోంది.

గాషే నాకంటే ఆరేడేళ్లు పెద్ద. హవాసా విశ్వవిద్యాలయంలో నేను గణితం చెప్పిన రోజుల్లో పక్క గదిలో గణాంకశాస్త్రం చెప్పేవారు. ఇథియోపియాలో వయసులో పెద్దవాళ్లను అలా గౌరవంగా పిలుస్తారు కాబట్టి నేనూ గాషే అనేవాణ్ణి, ఇప్పటికీ అంతే. వాళ్ల ఆవరణలోనే వెనక రెండు గదుల్లో మేం అద్దెకుండేవాళ్లం. ఆ ఇంటికి పెద్ద దిక్కు వాళ్లమ్మ. ఆవిడను వీధి వీధంతా ఎమామా అనేది. ఇప్పుడు పెళ్లికూతురైన పిల్ల ఆవిడ మనవరాలు. మేం ఆ ఇంట్లో దిగేటప్పటికి రెండో తరగతి చదువుతోంది.

2000 తర్వాతి దశాబ్దంలో ఇథియోపియా ఒకదాని వెంట ఒకటిగా కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచింది. పాఠాలు చెప్పేవాళ్లు చాలక మన దేశం నుంచి చాలామందిని రప్పించుకుంది. అందులో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. మెకెలె, గోండర్, బహిర్‌దార్, జిమ్మ... ఏ ఊరు వెళ్లినా ఆవకాయ జాడీ ఉన్న ఇల్లు ఒకటైనా తగిలేది. రెండేళ్ల ఒప్పందం, డాలర్లలో జీతం, దాని వెనక ఊళ్లో ఒక స్థలమో చెల్లెలి పెళ్లో. నేనూ ఆ లెక్కతోనే వెళ్లాను. మా సంభాషణలు కూడా చాలావరకు ఆ లెక్క చుట్టూనే తిరిగేవి. ఈ నెల ఎంత పంపావు, ఏ రేటుకు పంపావు. పక్కింటివాళ్ల పేర్లు తెలియకుండానే ఒప్పందం ముగించుకుని వెళ్లిపోయినవాళ్లు మాలో ఉన్నారు. నన్ను ఆ జాబితాలోంచి తప్పించింది ఎమామా. నా గొప్పేమీ లేదు.

అప్పట్లో డాలరుకు తొమ్మిదో పదో బిర్లు వచ్చేవి. 2024 జులైలో బిర్ విలువను మార్కెట్‌కు వదిలేశాక అది నూరు దాటిపోయింది. ఆదిస్ అబాబా విమానాశ్రయంలో డబ్బు మార్చుకుంటే జేబులు పట్టనన్ని నోట్లు చేతికొచ్చాయి. గాషే పింఛను ఇప్పుడు ఏ మాత్రం ఉంటుందో ఆ కట్టలు చూస్తేనే అర్థమైంది.

ఆదిస్ నుంచి హవాసాకు దాదాపు 275 కిలోమీటర్లు. అప్పట్లో బస్సులో వెళ్లేవాళ్లం. చీకటితో లేచి బస్టాండు గేటు దగ్గర నిలబడాలి. గేటు తీయగానే జనం పరుగు, బస్సు మీదికి మేకలూ పరుపులూ, ఊళ్ల పేర్లు అరుస్తున్న కుర్రాళ్లు. బస్సు కదిలాక అసలు పరీక్ష మొదలయ్యేది. కిటికీ తీయనిచ్చేవారు కాదు. గాలి తగిలితే జబ్బు చేస్తుందని అక్కడివాళ్లకు గట్టి నమ్మకం. నేను అంగుళం తీస్తే వెనక సీటులోంచి ఒక చెయ్యి వచ్చి మూసేది. మరో అరగంటకు నేను మళ్లీ తీసేవాణ్ణి, ఆ చెయ్యి మళ్లీ వచ్చేది. మాటామాటా ఉండేది కాదు, హవాసా దాకా ఇదే తంతు.

ఈసారి గాషే మేనల్లుడు కారు తెచ్చాడు. కొంత దూరం కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి ఉంది. జ్వాయ్ దగ్గర చేపల గుత్తులు పైకెత్తి చూపించే పిల్లలు, గాడిద బండ్ల మీద పసుపుపచ్చ నీళ్ల డబ్బాలు, లంగానో వైపు తుమ్మచెట్ల కింద అమ్మకానికి పెట్టిన బొగ్గు బస్తాలు, ఇవేవీ మారలేదు. మేనల్లుడు ఏసీ వేసి కిటికీలన్నీ బిగించాడు. మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది.

ఊరు మాత్రం పెరిగింది. 2016లో తెరిచిన పారిశ్రామిక పార్కులో బట్టలు కుట్టే ఆడపిల్లలు షిఫ్టు దిగి గుంపులు గుంపులుగా నడిచిపోతున్నారు. 2020లో సిదామా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడ్డాక హవాసా దానికి రాజధాని అయింది, ఆ హంగులన్నీ వచ్చాయి. మేమున్నప్పుడు సైకిళ్ల ఊరది. నేల చదును, ఎటు తిరిగినా చెరువుగాలి. నేనూ సైకిలు మీదే కాలేజీకి వెళ్లేవాణ్ణి. మా వీధి మట్టివీధి, వానొస్తే సైకిలును భుజాన వేసుకోవాల్సిందే. ఇప్పుడు రాళ్లు పరిచారు. నీలం రంగు ఆటోలు వాటి మీద గడగడమంటూ పోతున్నాయి. ఆటోను అక్కడ బజాజ్ అనే అంటారు.

గేటు దగ్గర గాషే భుజానికి భుజం తాటించి కావలించుకున్నారు. ఆ తర్వాత కుశలప్రశ్నలు. అక్కడ ఒక్క ప్రశ్నతో వదలరు. బాగున్నావా, ఆరోగ్యం బాగుందా, ఇల్లు బాగుందా, పిల్లాడు బాగున్నాడా, మళ్లీ మొదటి నుంచి బాగున్నావా. ప్రతి దానికీ దేవుడి దయ అనాలి. అవునని చెప్పడానికి వాళ్లు నోరు మెదపనక్కర లేదు, చిన్నగా ఊపిరి లోపలికి పీలిస్తే చాలు. మొదట్లో తరగతిలో పిల్లలు అలా పీలుస్తుంటే పాఠానికి ఉలిక్కిపడుతున్నారేమో అనుకునేవాణ్ణి. గాషే జుట్టు పూర్తిగా నెరిసింది. నా పొట్ట తట్టి, "నీ ఇంట్లో ఉపవాసాలు లేనట్టున్నాయి" అన్నారు.

*

ఆ ఊళ్లో కాలానికి రెండు లెక్కలు. అక్కడివాళ్ల రోజు ఉదయం ఆరింటికి మొదలవుతుంది, మన ఏడు వాళ్లకు ఒకటి. ఎనిమిదింటి క్లాసు పిల్లలకు రెండింటి క్లాసు. ఏడాదికి పదమూడు నెలలు, సంవత్సరం మనకంటే ఏడెనిమిది వెనక. లోకమంతా ఎప్పుడో జరుపుకున్న కొత్త సహస్రాబ్దిని 2007 సెప్టెంబరు 12న మేం హవాసాలో మళ్లీ జరుపుకున్నాం. పిల్ల ఆ రోజు 'అదెయ్' అనే పసుపుపచ్చ పూలు కట్టలు కట్టి, ఇంటింటికీ తిరిగి పాడి చిల్లర పోగుచేసుకుంది. మా అబ్బాయికి ఐదేళ్లు. వాణ్ణి వెంట తిప్పుకుని, వాటా మాత్రం ఒక్క పిప్పరమెంటు ఇచ్చింది.

ఈ గడియారం సంగతి నాన్నకు ఫోనులో చెప్పాను. ఆదివారం ఆదివారం ఫోను చేసేవాణ్ణి, నిమిషానికి ఇంతని చేతిగడియారం చూసుకుంటూ. నాన్న ఇంటి పంచాంగం వదలనివాడు. "అందులో వింతేముంది? మన ఘడియలూ పొద్దుపొడుపు నుంచే కదా లెక్క. అర్ధరాత్రి పూట రోజు మార్చేవాళ్లే వింత మనుషులు" అన్నాడు. గాషేకు ఆ మాట అనువదించి చెబితే ఎంత నచ్చిందంటే, స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుంటూ తిరిగారు. నాన్నను ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఆ రోజు నుంచి "మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు" అని ప్రతి శనివారం గుర్తుచేసేవారు.

ఎమామాకు భారతీయులంటే ఒక్కటే గుర్తు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో గాషేకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన కేరళ మాస్టారు. ఆ రోజుల్లో ఇథియోపియా బళ్లలో మనవాళ్లు చాలామంది పనిచేశారు. ఆయన్ను నేను ఎరుగుదునా అని మొదటి రోజు అడిగింది. ఎరగనంటే నమ్మలేదు. నెలకోసారి వేరే దారిన మళ్లీ అడిగేది.

వంట సంగతి చెప్పాలంటే ఆ దేశంలో మన నాలుక అలమటించాల్సిన పని లేదు. టెఫ్ అనే చిరుధాన్యం పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి పెద్ద పెనం మీద పోసే ఇంజెరా మన అట్టుకు దూరపు చుట్టంలా ఉంటుంది, కాస్త పులుపెక్కువ. శనగపిండి జారుగా ఉడికించిన షిరో, ఎర్రపప్పు కూర, బెర్బెరె కారం. బుధ, శుక్రవారాలు ఉపవాసం, అంటే మాంసం, పాలు, గుడ్లు, నెయ్యి బంద్. పెద్ద ఉపవాసాలు కూడా కలిపితే ఏడాదిలో 180 రోజులకు పైనే. మాలో శాకాహారులకు ఆ రోజులే పండగ. మాకు లోటల్లా చింతపండు ఒక్కటే. ఊరెళ్లి వచ్చే ఎవరి పెట్టెలో చూసినా అడుగున అదే ఉండేది.

చెరువుగట్టున అమోరా గెదెల్ అనే చేపల రేవు ఉంది. పొద్దున్నే వలలు ఒడ్డుకొస్తాయి. ఆడవాళ్లు, పిల్లలు రాళ్ల మీద కూర్చుని చేపలు ఒలుస్తుంటారు. మనిషి నడుము దాటిన ఎత్తుతో, బట్టతలతో బెగ్గురు కొంగలు వాళ్ల చుట్టూ వరుసగా నిలబడి పేగుల కోసం కాచుకుంటాయి. బదిలీ కాగితం కోసం ఆఫీసులో నిలబడ్డ నా పాత రోజులు ఆ పక్షుల్ని చూస్తే గుర్తొచ్చేవి. తిలాపియా తెచ్చి మా ఆవిడ పులుసు పెట్టేది. ఉపవాసంలో చేప తినొచ్చా కూడదా అన్నది అక్కడ తెగని వాదం. గాషే తినొచ్చనే పక్షం, ఎమామా కూడదనే పక్షం. శుక్రవారం గాషే మా వంటింట్లో తలుపు చేరవేసుకుని ఇంజెరాతో చేపల పులుసు తినేవారు. బయట ఎమామా గట్టిగా దగ్గేది. ఆ దగ్గు గాషేకే కాదు, నాకూ భయమే.

*

నాన్న పోయిన కబురు ఒక సాయంత్రం వచ్చింది. విమానంలో సీటు దొరకడానికి మూడు రోజులు పడుతుందన్నారు. రాత్రంతా కూర్చుని, తెల్లవారుజామున ఎప్పుడో కునుకు పట్టింది. గునపం చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఆవరణలో పదిమంది మగవాళ్లు డేరాకు గుంటలు తవ్వుతున్నారు. బల్లలు దించుతున్నారు. గంగాళాలు వచ్చాయి.

ఇద్దిర్ అని అక్కడ ప్రతి వీధికీ ఒక సంఘం ఉంటుంది. అందరూ నెలనెలా కొంత వేస్తారు. ఎవరింట్లో చావు జరిగినా డేరా, బల్లలు, వంటపాత్రలు, సాయానికి మనుషులు, అన్నీ సంఘం చూసుకుంటుంది. నేను సభ్యుణ్ణి కాదు. ఎమామా రాత్రికి రాత్రే సంఘం పెద్ద ఇంటికి వెళ్లి తగువు పెట్టుకుందట. "వాడు నా ఇంట్లో ఉన్నాడు, నా కొడుకుతో సమానం. కాబట్టి పోయినవాడు నా ఇంటి మనిషే" అని వాదించిందని గాషే తర్వాత చెప్పారు.

మూడు రోజులు ఆ డేరా కిందే కూర్చున్నాను. ఆడవాళ్లు నెతెలా అనే తెల్ల పైబట్ట అంచు మెడ దగ్గరికి వచ్చేలా తిప్పి కప్పుకుని వచ్చారు. దుఃఖంలో అలాగే కప్పుకుంటారు. వచ్చినవాళ్లు ఏడ్చారు కూడా, నేను ఏడవలేకపోతున్నానని కాబోలు. తర్వాత మెల్లగా అడిగారు. మీ నాన్న పొడుగా, ఏం పండించేవాడు, కోపిష్టా, కాఫీ తాగేవాడా. నాకు వచ్చిన అరకొర అమ్హారిక్‌లో చెబుతుంటే గాషే దిద్దుతూ వచ్చారు. పొద్దుపొడుపు ఘడియల సంగతి ఆయనే అందరికీ చెప్పారు, ముసలివాళ్లు తలలూపారు. గోధుమలు, శనగలు కలిపి ఉడికించిన నిఫ్రో అందరికీ దోసిట్లో పెట్టారు. అచ్చంగా గుగ్గిళ్లే. ఎదురింటి ముసలాయన మూడు రోజులూ పొద్దున్నే వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా సాయంత్రం దాకా నా పక్కన కూర్చుని వెళ్లాడు. పదకొండో రోజుకు ఊరు చేరి కర్మ చేశాను. అక్కడ చుట్టాలు మొదట అడిగింది టిక్కెట్టు ఎంతైందని.

ఎమామా పోయినప్పుడు నేను వెళ్లలేకపోయాను. కరోనా రోజులు, విమానాలు లేవు. ఈసారి పెళ్లికి ముందు చర్చి ఆవరణలో ఆవిడ సమాధి దగ్గరికి తీసుకెళ్లారు. రాతి మీద ఫొటో, కింద వాళ్ల పంచాంగం ప్రకారం తేదీలు. లెక్కల మాస్టారునై ఉండి వాటిని మన సంవత్సరాల్లోకి మార్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మా ఆవిడ నిలబడలేక అక్కడే గడ్డిలో కూర్చుండిపోయింది.

*

మా ఆవిడ స్నేహాలన్నీ ఎకుబ్‌తో మొదలయ్యాయి. ఎకుబ్ అంటే చీటీయే, పాట మాత్రం ఉండదు. తలా కొంత వేస్తారు, లాటు తీస్తారు, పేరొచ్చినవాళ్లకు మొత్తం ఇస్తారు. మిగతా వాయిదాలు ఎగ్గొట్టకుండా ఎవరో ఒకరు జామీను ఉండాలి. చీటీలో కసరు పెట్టి పాడుకునే మన పద్ధతి మా ఆవిడ వివరిస్తే ఎమామా, "అవసరం ఎక్కువున్నవాళ్లే ఎక్కువ నష్టపోవాలా?" అని అడిగింది. మా ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆవరణలో పచ్చగడ్డి పరిచేవారు. పిల్ల తల్లి చిన్న పీట వేసుకుని బొగ్గుల కుంపటి ముందు కూర్చునేది. పచ్చి కాఫీ గింజలు కడిగి, రేకు మీద వేసి, చిన్న ఇనప ఊచతో కదుపుతూ ఉంటే మొదట చిటపటలు, తర్వాత గింజకు నూనె మెరుపు, ఆ తర్వాత పొగ. రేకును అందరి ముందుకూ తిప్పేది. చేత్తో పొగను ముఖం మీదికి లాక్కుని బాగుందనాలి. ఆ తర్వాత రోట్లో దంపుడు. ఆ చప్పుడు వింటే చాలు, పిలవకపోయినా వీధివాళ్లు వచ్చేవారు. సన్నమెడ నల్లమట్టి జెబెనాలో కాచి, ఎత్తు నుంచి చుక్క చిందకుండా చిన్న కప్పుల్లో పోసేది. పక్కన సాంబ్రాణి పొగ, జొన్నపేలాలు కాదు, మొక్కజొన్న పేలాలు. మూడు విడతలు, అబోల్, తోనా, బరకా. బరకా తాగకుండా లేవకూడదు. అప్పట్లో కరెంటు రోజు మార్చి రోజు పోయేది. ఆ కాఫీకి మాత్రం ఏ లోటూ లేదు. మూడో విడత అయ్యాక చీటీలు డబ్బాలో వేసి పిల్ల చేత తీయించేవారు.

మా ఒప్పందం పొడిగించడం లేదని ఉన్నట్టుండి కాగితం వచ్చింది. ఎకుబ్‌లో ఇంకా నాలుగైదు లాట్లు మిగిలాయి, మా చీటీ రాలేదు. ఆ ఆదివారం లాటు పక్కవీధిలో ఇంజెరా పోసి అమ్మే ఆవిడకు వచ్చింది. కట్టెపొయ్యి పొగకు కళ్లు మండి, కరెంటు పెనం కొనుక్కుందామని ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషి. డబ్బు చేతికివ్వబోతే తీసుకోలేదు. "ఆ అమ్మాయికి ఇవ్వండి, నేను చివరిది తీసుకుంటాను" అంది. మా ఆవిడ వద్దంటే ఎమామా ఒక్క చూపు చూసింది, అంతే. ఆ మొత్తంలోంచి మిగిలిన వాయిదాలన్నీ ముందే కట్టేసి, తక్కినది తీసుకున్నాం. ఆ డబ్బుతోనే ఊళ్లో దిగాక మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ఇల్లు గడిచింది.

*

పెళ్లి గురించి ఎక్కువ చెప్పను, పెళ్లి పెళ్లే. పెళ్లికొడుకు మనుషులు గుమ్మం దగ్గరికి రాగానే పిల్ల స్నేహితురాళ్లు దారి కట్టేసి, లోపలికి రానిచ్చేది లేదని పాటెత్తుకున్నారు. మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. పేరు చెప్పందే గడప దాటనివ్వని మన ఆడపడుచుల పనితనమంతా చూపించి, ముందు వరుసలో నిలబడి కట్నం కూడా వసూలు చేసింది. ముందు కారు వెనక డిక్కీలో కూర్చుని వీడియో తీసే కుర్రాడు ఎక్కడ పడిపోతాడో అని నాకు చెరువుదాకా భయమే. విందులో ఒక మూల పచ్చి మాంసం వేలాడదీసి కోసిస్తుంటారు. గాషే ప్రతిసారీ నన్ను అటు తీసుకెళ్లడం, నేను తప్పించుకోవడం పాత అలవాటు, ఈసారీ జరిగింది. మేం తెచ్చిన తెల్ల మంగళగిరి చీరను పిల్ల మర్నాటి విందుకు కట్టుకుంది. జరీ అంచు చూసి వాళ్ల నేతలాగే ఉందని ఆడవాళ్లు చేత్తో తడిమి చూశారు.

ఆ మర్నాడే పిల్ల, "నా తమ్ముడేడి?" అంటూ మా అబ్బాయికి వీడియో కాల్ చేయించింది. వాడు హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాడు. చిన్నప్పుడు తెలుగు కంటే అమ్హారిక్ ధాటిగా మాట్లాడినవాడు, ఇప్పుడు ఒక్క ముక్క రాదు. పిల్ల గబగబా ఏదేదో అడుగుతోంది, వాడు వెర్రినవ్వు నవ్వుతున్నాడు. చివర్లో "నేను గుర్తున్నానా?" అందనుకుంటాను. వాడు చటుక్కున చిన్నగా ఊపిరి లోపలికి పీల్చాడు. గదిలో ఆడవాళ్లంతా ఒక్కసారి ఎలెల్ అని గొంతెత్తారు. వాడికేమీ అర్థం కాలేదు, ఎందుకలా పీల్చాడో వాడికీ తెలియదు.

ఇంజెరా ఆవిడ ఇప్పుడు మనుషుల్ని పెట్టుకుని హోటళ్లకు ఇంజెరా వేస్తోంది. వరుసగా కరెంటు పెనాలు చూపించింది. మొదటి పెనం పాడైపోయినా మూలన ఉంచుకుంది. మా ఆవిడ పాత బాకీ సంగతి ఎత్తబోతే, ఏ బాకీ అంది.

బయలుదేరే ముందు రోజు ఆదివారం కాకపోయినా అందరూ కాఫీకి చేరారు. ఎకుబ్ ఇప్పటికీ నడుస్తోంది. పుస్తకం పిల్ల తల్లి చేతిలో ఉంది, చాలామంది వాయిదాలు ఫోనులోనే కట్టేస్తున్నారు. మూడో కప్పు అయ్యాక మా ఆవిడ సంచిలో మిగిలిన బిర్ల కట్టలన్నీ గడ్డి మీద పెట్టింది. "ఇవి మా ఊళ్లో చెల్లవు. నా పేరు రాసుకోండి, ఎన్ని వాయిదాలకు వస్తాయో చూడండి" అంది. లెక్క నన్ను వేయమన్నారు, వేశాను.

"నీ లాటు వస్తే డబ్బు ఎక్కడికి పంపాలి?" అని పిల్ల తల్లి అడిగింది.

"ఎక్కడికీ వద్దు. నేనే వచ్చి తీసుకుంటాను."

"పరదేశం మనిషివి. జామీను ఎవరు?"

ఇంజెరా ఆవిడ అప్పటికే పుస్తకం లాక్కుని సంతకం పెడుతోంది.